మిగలకుండా తొక్కిన మా బావ

మా బావను జట్టులో అందరూ ‘తలుపు’ అని పిలిచేవారు. ఆరడుగుల పైచిలుకు మనిషి, భుజాలు బీరువా అంత వెడల్పు. అతని వెనకాల సైకిలు తొక్కుతుంటే ఎదురుగాలి తగలదు, ఎవరో తలుపు వేసినట్టుంటుంది. అందుకని ఆ పేరు. పేరు పెట్టింది జట్టు నాయకుడు. బక్కపలచటి మనిషి, కొండలెక్కడంలో మొనగాడు, అతన్ని ‘పిట్ట’ అనేవారు. పిట్ట ఉద్యోగం గెలవడం. మా బావ ఉద్యోగం పిట్టను గెలిపించడం. పదహారేళ్లు ఆ పనే చేశాడు.

సైకిలు పందేల సంగతి తెలియనివాళ్లకు ఇది వింతగా ఉంటుంది. మొదట్లో నాకూ అలాగే ఉండేది. జట్టుకు ఎనిమిది మంది. గెలవాల్సింది ఒక్కడే. మిగిలిన ఏడుగురూ వంతులవారీగా అతని ముందుండి గాలిని చీలుస్తారు. దానివల్ల వెనకున్నవాడికి శ్రమ చాలా తగ్గుతుంది. దాహమేస్తే వీళ్లలోనే ఒకడు వెనక్కి జారి, జట్టు కారు పక్కన తొక్కుతూ నీళ్ల సీసాలు అందుకుని, చొక్కాలో ముందూ వెనకా కుక్కుకుని, మళ్లీ ఆపసోపాలు పడుతూ ముందుకొచ్చి పంచుతాడు. మా బావ ఒక్క విడతకు తొమ్మిది సీసాలు మోసేవాడు. టీవీలో ఆ వాలకం చూసి మా నాన్న, అల్లుడికి నెలలు నిండినట్టున్నాయే అనేవాడు.

ఆఖరి కొండ మొదట్లోకి వచ్చేసరికి బావ పని అయిపోతుంది. ఉన్న సత్తువంతా ఊడ్చి పెట్టేసి, పిట్టను వదిలి, పక్కకు తప్పుకుంటాడు. పిట్ట కొండమీద బహుమతి అందుకుంటున్న వేళకు బావ ఇంకా కిందెక్కడో, నడిచేవాళ్లు దాటిపోయేంత మెల్లగా వస్తుంటాడు. అలా తప్పుకునే క్షణమంటే అతనికి ప్రాణం. ఎందుకో చెప్పాలంటే అతనెలాంటి మనిషో ముందు చెప్పాలి.

బావ పుట్టుకతోనే కంగారు మనిషి. ఇల్లు కదిలేముందు గ్యాసు కట్టేశానా అని మూడుసార్లు చూసేవాడు. తాళం వేశాక నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి గుంజి చూసేవాడు. ఫోను మోగితే ఎవరికో ఏదో అయిందనే లెక్క. బస్సు పదింటికైతే తొమ్మిదింటికే స్టాపులో ఉండేవాడు. తీరా అది వచ్చాక మన బస్సేనా అని డ్రైవర్నీ, కండక్టర్నీ, కిటికీ పక్కన కూర్చున్నావిణ్ణీ కూడా అడిగి ఎక్కేవాడు.

పందొమ్మిదో ఏట ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనికి కుదిరాడు. తడి దుప్పట్లు మిషన్లోంచి లాగి, తోపుడుబండిలో వేసి, ఆరబెట్టే గదికి తోసుకెళ్లాలి. లాండ్రీవాళ్లు ఏటా పెట్టే సైకిలు పందెంలో ఫోర్‌మన్ బలవంతం మీద పేరిచ్చాడు. బలం ఎక్కడ వాడాలో ఎక్కడ దాచాలో అప్పటికి తెలియదు. మొదటి మలుపు నుంచే ఉన్నదంతా పెట్టేశాడు. ముగింపు గీత దాటి ఫుట్‌పాత్ మీద కూలబడితే బూటు లేసు విప్పడానికి వేళ్లు వంగలేదు. ఇంటి నంబరు గుర్తు రాలేదు. అప్పుడు గమనించాడట, బుర్రలో చప్పుడు లేదని.

“వంటింట్లో ఫ్రిజ్జు గుర్రుమని మోగి మోగి ఠక్కున ఆగుతుంది చూడు, అలా అయింది,” అని చాలా ఏళ్ల తర్వాత నాతో చెప్పాడు. “అది ఆగేదాకా మోగుతోందనే తెలీలేదు నాకు.”

ఆ నిశ్శబ్దం మళ్లీ కావాలనే సైకిలు పట్టాడు. రెండేళ్లు తిరక్కుండానే జట్టువాళ్లు పిలిచారు.

మా అక్కకు అతను దొరికింది కూడా అలా ఒళ్లు తెలియని స్థితిలోనే. మా నాన్నది ఫర్నిచర్ కొట్టు. ఒక ఆదివారం పందెం మా వీధి చివర ముగిసింది. కాసేపటికి ఒక పొడుగాటి మనిషి, బూట్ల అడుగున ఇనప బిళ్లలు టకటకలాడిస్తూ కొట్టులోకి వచ్చి, అద్దాల వెనక పెట్టిన సోఫాలో, ప్లాస్టిక్ కవరైనా తీయకుండా, వాలి నిద్రపోయాడు. కౌంటర్లో ఉన్న అక్క లేపబోతే నాన్న ఆపాడు. పాపం ఎవరో సొమ్మసిల్లినట్టున్నాడు, ఉండనీ అన్నాడు. నాలుగు గంటలు ఉన్నాడు. ఈలోగా ఒక జంట వచ్చి అదే సోఫా బాగుందన్నారు. కూర్చుంటే హాయిగా ఉంటుందా అని భార్య అడిగితే, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అని భర్త బావను చూపించాడు. సోఫా అమ్ముడుపోయింది గానీ, అతను లేచేదాకా బండెక్కించడానికి వీల్లేకపోయింది.

లేచాక సిగ్గుతో చచ్చిపోయి క్షమించమన్నాడు. మర్నాడు వచ్చి మళ్లీ క్షమించమన్నాడు. మూడోనాడు సోఫా మీద మరకేమైనా పడిందా అని అడగడానికి వచ్చాడు. నాలుగోనాడు అక్కే రమ్మంది.

పెళ్లయిన కొత్తల్లో అక్కకు అతని అలసట ముద్దుగానే ఉండేది. వారం రోజుల పందెం నుంచి వచ్చి బల్ల ముందు కూర్చుంటే చెంచా చేతిలోంచి జారి సూపులో పడేది. నన్ను అక్క పేరుతో, అక్కను జట్టు మేనేజరు పేరుతో పిలిచేవాడు. ఎన్నో స్థానంలో వచ్చావని అడిగితే ఆలోచించి, తెలియదనేవాడు. “ఈసారి మాత్రం బాగా ఖాళీ అయ్యాను,” అనేవాడు, విందు భోజనం చేసొచ్చినవాడిలా కడుపు తడుముకుంటూ.

ఆ ఖాళీ ఎలా ఉంటుందని నేనొకసారి అడిగాను. ముందు కాళ్లు మొత్తుకుంటాయట. తర్వాత ఊపిరి. తర్వాత చూపు ముందున్న చక్రమంత అయిపోతుంది. ఇంకా తొక్కితే ఎక్కడిదాకా తన చెయ్యో ఎక్కడినుంచి హ్యాండిలో తెలియదు. నొప్పి ఉంటుంది గానీ పక్కింట్లో రేడియో పాటలా ఉంటుంది, మనది కాదు. ఇది చెబుతున్నప్పుడు అతని మొహం వెలిగిపోయింది. అక్క వింటోంది గానీ ఆమె మొహంలో ఏ వెలుగూ లేదు. పదేళ్ల కాపురంలో మొగుడు ఇంటికొచ్చిన రోజులన్నీ సగం నిద్రలోనే గడిచాయని ఆమె లెక్క. ఆ లెక్కలో తప్పు లేదు.

ముప్పైయ్యైదో ఏట అలసట పోవడం మానేసింది. పది గంటలు పడుకుని, పడుకునేముందు కంటే నీరసంగా లేచేవాడు. మా మేడ మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోయాడు ఒకరోజు. జట్టు డాక్టరమ్మ రక్తపరీక్షల కాగితాలు చూసి, మూణ్ణెల్లు సైకిలు ముట్టుకోవద్దంది. అలిసిపోకముందే ఆగిన రోజు ఆఖరిసారి ఎప్పుడని అడిగింది. బావ నిజాయితీగా ఆలోచించి, ఎప్పుడూ ప్రయత్నించలేదన్నాడు.

విశ్రాంతి తీసుకోవడం ఆ మనిషికి చేతకాలేదు. కొట్లో కూర్చోబెట్టాం. వారం తిరిగేసరికి గ్యాసు చూడడం మూడు నుంచి ఏడుకు పెరిగింది. కొట్టు తాళాలన్నిటికీ చీటీలు కట్టాడు. తర్వాత ఆ చీటీలు ఊడిపోతాయేమోనని దిగులు పెట్టుకున్నాడు. ఒక మధ్యాహ్నం అక్క పనిమీద బయటికి వెళ్లి వచ్చేసరికి, మంచాలుండే చోట బీరువాలు, బీరువాలుండే చోట భోజనాల బల్లలు ఉన్నాయి. మధ్యలో నేలమీద చెమటలో తడిసి ముద్దయి, నవ్వుతూ బావ. ఒక్కడే అన్నీ జరిపేశాడు. నేను లోపలి గదిలో పాలిష్ వేస్తూ ఆ చప్పుడు విని ఎవరో గిరాకీ అనుకున్నాను.

అక్క అరవలేదు. చీర కుచ్చిళ్లు సర్దుకుని అతని పక్కనే నేలమీద కూర్చుంది.

“నువ్వు దాక్కుంటున్నావ్,” అంది.

“దేన్నించి?”

“అన్నిట్నించీ. నా నుంచి కూడా. ఒళ్లు తెలీకుండా పడున్నవాణ్ని ఎవరూ ఏమీ అడగరు. ఎందుకు గెలవలేదని అడగరు. నాతో రెండు మాటలు మాట్లాడవేం అనీ అడగరు.”

బావ మంచం కోళ్ల వంక చూశాడు. ఇవన్నీ ఎక్కడివక్కడ పెట్టేయనా అని అడిగాడు. రేపు పెడదాం, ఇద్దరం కలిసి పెడదాం అంది అక్క.

మూణ్ణెల్లు నాలుగయ్యాయి. వేసవిలో మళ్లీ జట్టులో చేరాడు, ఏడు రోజుల పెద్ద పందేనికి. అయిదో రోజు ముగింపు కొండమీద. నేనూ అక్కా బస్సెక్కి వెళ్లాం. ఆ ఉదయం తొమ్మిది మంది గుంపొకటి మిగతావాళ్లను వదిలి ముందుకు పారిపోయింది. అందులో బావను పంపారు, తర్వాత పిట్ట వచ్చి కలుసుకుంటే తోడుంటాడని. పిట్ట రాలేదు. కడుపు చెడి, హ్యాండిల్ మీదే వాంతి చేసుకుని వెనకబడిపోయాడు. అప్పటికి ముందు గుంపు ఎనిమిది నిమిషాల దూరంలో ఉంది. బావ చెవిలో పెట్టుకున్న రేడియోలో మేనేజరు గొంతు వినిపించింది.

“తలుపూ, పిట్ట రాడు. ఇవాళ నీకోసం నువ్వు తొక్కు.”

“నాకోసమంటే ఎలా?” అన్నాడు బావ.

తన ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదని మేనేజరు తర్వాత మాతో చెప్పాడు. ఎవరి ముందుకూ వెళ్లకు, ఒకడి వెనకాలే ఉండు, సత్తువ దాచుకో, ఆఖర్న ఉన్నదంతా పెట్టి కొట్టు అని చెప్పాడట, కొత్తగా చేరినవాడికి చెప్పినట్టు.

ఘాటు రోడ్డు పదకొండు కిలోమీటర్లు. బావ జీవితంలో మొదటిసారి ఇంకొకరి వీపు చాటున కొండెక్కాడు. పనిలేక బుర్ర మోగడం మొదలెట్టింది. హోటల్ గది తాళం వేశానా, చెయిన్ చప్పుడు తేడాగా ఉందేం, పిట్టకు డాక్టరు దొరికాడా. భయమేసి, ముందుకెళ్లి గాలికి ఎదురు తొక్కి ఇదంతా ఆర్పేద్దామా అనిపించిందట. మేనేజరు మాట గుర్తొచ్చి ఆగాడు. ఏం చేయాలో తోచక పక్కకు చూశాడు. ఎడమవైపు లోయలో పెద్ద చెరువు. పచ్చటి నీళ్లు, రెండు పడవలు, ఒక పడవ మీద ఎవరివో బట్టలు ఆరేసి ఉన్నాయి. ఆ రోడ్డు మీద అంతకుముందు తొమ్మిదిసార్లు తొక్కాడతను.

“ఈ చెరువు ఎప్పుడు తవ్వారు?” అని పక్కవాణ్ని అడిగాడు. పక్కవాడికి జవాబివ్వడానికి ఊపిరి లేదు. ఇదేదో మనసు చెదరగొట్టే ఎత్తు అనుకుని వాడు అనుమానంగా చూస్తూ రెండడుగులు దూరం జరిగాడు.

ఆఖరి కిలోమీటర్లో బావ కొట్టాడు. అలవాటు లేని పని కాబట్టి తొందరపడి ముందే కొట్టాడు. గీత కనిపిస్తుండగా ఇద్దరు దాటిపోయారు. మూడో స్థానం. అప్పటిదాకా అతని జన్మలో గొప్ప ముప్పైయ్యొకటో స్థానమే. జట్టువాళ్లు వీపు చరిచారు, టీవీ అమ్మాయి ఎలా ఉందని మైకు పెట్టింది. చెరువు బాగుందన్నాడు.

మేం జనాన్ని తోసుకుని వెళ్లేసరికి బారికేడ్‌కు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తన బూట్లు తనే విప్పుకున్నాడు. కానీ మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

“కాళ్లలో ఇంకా ఉంది,” అన్నాడు అక్కతో, తప్పు ఒప్పుకుంటున్నట్టు. “ఇంకో రెండు కిలోమీటర్లు తొక్కగలను.”

“ఉంటే ఏం?”

“మిగిలిపోయింది కదా.”

“ఆ మిగిలిందాంతో నన్ను చెరువు దాకా తీసుకెళ్లు. నేను చూడలేదు.”

ఎవరివో చెప్పులు అడిగి వేసుకుని నడిచాడు. నేను అతని సైకిలు తోసుకుంటూ వెనకాల వెళ్లాను. దారి పొడుగునా ఒకటే మాటలు. తొమ్మిది మందిలో ఎవడెలా ఊపిరి తీశాడో, ఒకడు దగ్గినప్పుడల్లా పక్కవాడికి సారీ ఎలా చెప్పాడో, గొడుగేసుకున్న ఒక పెద్దావిడ వేరే జట్టువాణ్ని బావ అనుకుని ఎంత ఉత్సాహపరిచిందో. పందెం రోజున అతను అన్ని మాటలు మాట్లాడటం అక్క ఎప్పుడూ వినలేదు. నవ్వి నవ్వి ఒకచోట రోడ్డు పక్క రాయి మీద కూర్చుండిపోయింది.

దాంతో మనిషి మారిపోయాడని చెబితే అబద్ధం అవుతుంది. మర్నాడు పిట్ట కోలుకున్నాడు. ఎదురుగాలి. బావ ఒక్కడే అరవై కిలోమీటర్లు లాగి, అందరికంటే ఆఖర్న వచ్చి, నన్ను మేనేజరు పేరుతో పిలిచాడు. మొహం నిండా నవ్వే. అక్క అతని ఒళ్లో పడ్డ సూపు తుడిచింది. తేడా ఏమిటంటే, ఆ ఏడాది నుంచి కొన్ని రోజులు ఇవాళ నా వల్ల కాదని మేనేజరుతో ముందే చెప్పడం నేర్చుకున్నాడు. మేనేజరు కూడా కాదనలేదు. ఇంకో రెండేళ్లు తొక్కాడు. ఆఖరి పందెంలో పిట్ట వెనక్కి జారి, కారు దగ్గరికెళ్లి, బావకోసం ఒక సీసా తెచ్చిచ్చాడు. ఆ నీళ్లు తాగడానికి మనసొప్పక చాలా దూరం మోసుకొచ్చాడు బావ.

ఇప్పుడు మా కొట్టు వాను నడుపుతున్నాడు. మంచాలూ బీరువాలూ ఇళ్లకు చేరుస్తాడు. ఒక్కోరోజు అయిదంతస్తులు మోసి, ఒళ్లు హూనమై, గర్వంగా వస్తాడు. అక్క చూసీ చూడనట్టు ఊరుకుంటుంది.

నిరుడు నడుం పట్టేస్తే డాక్టరు ఈత కొట్టమన్నాడు. ఈత నేర్పే ఆవిడ వ్యాయామం టీచరుగా రిటైరైంది, బావ భుజం దాకా కూడా రాదు, మెడలో ఈల. నీళ్లలో దిగితే బావ కుస్తీ పట్టేవాడు, రెండు నిమిషాల్లో కొలను సగం గట్టుమీద ఉండేది. నీళ్లతో దెబ్బలాట వద్దు నాయనా, ఒళ్లు వదిలెయ్ అని ఆవిడ మూడు వారాలు చెప్పింది. మూడు వారాలూ మునిగాడు. నాలుగో వారం ఒకరోజు వెల్లకిలా పడుకుంటే మునగలేదు. నలభై సెకన్లని ఆవిడ గడియారం చూసి చెప్పిందట.

తడి జుట్టుతో కొట్టుకొచ్చి ఆ సంగతి చెప్పాడు. అంతసేపూ ఏమనుకున్నావని అక్క అడిగింది.

“చెవుల్లో నీళ్లు పోయాయనుకున్నా. తర్వాత పైన లైట్లు లెక్కపెట్టా. పన్నెండున్నాయి. ఒకటి వెలగట్లేదు, వాళ్లెవరూ చూసుకున్నట్టు లేరు.”

మర్నాడు మా కొట్లోని పెద్ద నిచ్చెన వాన్లో వేసుకుని ఈతకు వెళ్లాడు.