నీలం పట్టీ

పుంగనూరు పాల కేంద్రంలో నేను పనిచేసిన రోజుల్లో, బెంగళూరుకు పాలు తోలే వ్యాను డ్రైవరొకాయన ఉండేవాడు. అక్కడి డెయిరీలో ఖాళీ క్యాన్లు కలిసిపోకుండా ఒక్కో వ్యానువాళ్ళు ఒక్కో రంగు పట్టీ వేసుకునేవాళ్ళు. ఈయన క్యాన్ల మెడకు నీలం, తెలుపు. అవి బెంగళూరులో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు రంగులు.

ఆయన ఏనాడూ బంతి తన్నినవాడు కాదు. పాలు దించేశాక మ్యాచి ఉంటే చూసి వచ్చేవాడు, అంతే. కానీ క్లబ్బు మాటెత్తితే ఎప్పుడూ “మనం” అనేవాడు.

“నిన్న మనం ఓడిపోతిమప్పా,” అంటూ దిగులుగా క్యాను మూత తీసేవాడు. అప్పుడే పిండిన పాల ఆవిరిలో, నేనెన్నడూ చూడని ఆ పచ్చటి మైదానం నా కళ్ళకు కట్టేది.

ఒక ఏడాది ఆ క్లబ్బును ఎవరో కొన్నారు. పేరు మార్చారు, రంగు ఎరుపు చేశారు. ఆ వారమే ఆయన కుంచె పట్టుకుని క్యాన్ల ముందు కూర్చున్నాడు. ఎరుపు పూస్తాడనుకున్నాను. వెలిసిన నీలం మీద మళ్ళీ నీలమే దిద్దుతున్నాడు.

“ఆ క్లబ్బే లేదు గదన్నా, మళ్ళా ఇదే రంగు యాల?”

ఆయన తలెత్తలేదు. “ఆడ లేదులేప్పా. ఈడ ఉండాది సూడు.”

వ్యాను అమ్మేసి సదుం వెళ్ళిపోయాక ఆయన్ని మళ్ళీ చూడలేదు.

మొన్న మదనపల్లె బస్టాండు దగ్గర ఆ వ్యాను కనిపించింది. క్యాన్ల మెడకు నీలం, తెలుపు పట్టీలు కొత్తగా పూసిన రంగు తడితో మెరుస్తున్నాయి. కొత్త డ్రైవరు కుర్రవాడు. ఏ రంగులివి అని అడిగాను.

“మనవే సార్,” అన్నాడు.