ఇత్తడి గిన్నెలకు తగిలిన మోచెయ్యి

ఇంకా నాలుగు రోజులు ఉంచాలని డాక్టరు చెప్పిన మనిషిని, బేరమాడి ఆ పూటే ఇంటికి తెచ్చేసుకున్న ఆడది రాయపూర్‌లో ఎవరైనా ఉందంటే అది నేనే. వట్టిగా తేలేదు. అప్పటికి అయిన మంచం అద్దెలో కూడా ఒక రోజుది కొట్టేయించాను. అంత తెలివితక్కువ పని నేను మళ్ళీ చేయలేదు. కానీ ఆ రోజు ఆటో ఎక్కుతుంటే మాత్రం, మా నాన్న ఉండి ఉంటే ఎంత మురిసిపోయేవాడో అనుకున్నాను.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రాయపూర్‌లోని గుఢియారీ పేటలో కిరాణా దుకాణం పెట్టాడు. నేను గల్లాపెట్టె పక్కన పెరిగాను. దయ్యాలు, గాలి సోకడాలు నేనెప్పుడూ నమ్మలేదు. తక్కెడలో పెట్టలేని సరుకుకు ధర కట్టే అలవాటు మా ఇంట్లో లేదు. ఇప్పుడైనా నమ్ముతున్నానని కాదు. జరిగింది చెప్తాను, అంతే.

తొంభైల మొదట్లో మాట. మా ఆయన ఊరి చివర ఉర్లాలో ఒక ఇనప షెడ్ల కార్ఖానాలో ఫిట్టరు. నిచ్చెన మీంచి వెల్లకిలా పడ్డాడు. మెడకు పైన, తల మొదలయ్యే చోట దెబ్బ తగిలింది. ఒక్క కుట్టు కూడా పడలేదు. రెండు రోజుల్లో లేచి, తిని, పక్క మంచాల వాళ్ళతో కబుర్లు మొదలుపెట్టాడు. కానీ నిద్రపోతే ఊపిరి ఆగుతోందని నర్సు కనిపెట్టింది. కాసేపు ఆగి, ఉలిక్కిపడ్డట్టు ఒక్కసారి పెద్దగా వచ్చి, మళ్ళీ మామూలుగా నడిచేది. అందుకే ఇంకా నాలుగు రోజులు ఉంచాలన్నారు.

నేను ఒప్పుకోలేదు. మా ఆయన చేత ఆసుపత్రి మెట్లు పైదాకా ఎక్కించి దింపాను. ఆయాసం లేదు. గుండె ఎంత కొట్టుకోవాలో అంతే కొట్టుకుంది, కూర్చోగానే నెమ్మదించింది. ఆయన్ని అలాగే డాక్టరు ముందుకు తీసుకెళ్ళి, ఈ మనిషికి రోగమెక్కడుందో చూపించమన్నాను.

"బహెన్‌జీ, ఇది సబ్జీ మండీ కాదు," అన్నాడు ఆ కుర్ర డాక్టరు హిందీలో, కూరల బజారనుకున్నావా అన్నట్టు.

"మండీలో అయితే సరుకు చూపించి ధర చెప్తారు భాయ్‌సాబ్. మీరు చూపించకుండానే చెప్తున్నారు," అన్నాను.

పాపం, ఓపిగ్గానే చెప్పాడు. మెట్లెక్కేటప్పుడు మెదడు కాళ్ళకు కదలమని చెప్తూనే, వాటి అవసరం తెలుసుకుని గుండెకూ ఊపిరికీ కూడా వేగం పెంచమని కబురు పంపుతుందట. కదిలే కాళ్ళ నుంచి కూడా మెదడుకు కబుర్లు వెళ్తాయట. మెలకువగా ఉండటమే ఊపిరికి ఒక తోడట. నిద్రలో ఆ తోడు ఉండదు. గుండె నెమ్మదిస్తుంది, రక్తపోటు దిగుతుంది. ఊపిరి మాత్రం, నెత్తురులో చెడుగాలి ఎంత చేరిందో చూసుకునే ఒక చిన్న చోటు మీద ఆధారపడి నడుస్తుంది. ఆ చోటు తల వెనక, సరిగ్గా ఈయన దెబ్బ తిన్న వైపే ఉంది.

నాకు దుకాణం లెక్కలో అర్థమైంది. పగలు యజమాని గల్లా దగ్గరే ఉంటాడు. ఆయన పడుకున్నాక దుకాణమంతా ఒక్క ముసలి గుమస్తా చేతిలో ఉంటుంది. మా గుమస్తాకు దెబ్బ తగిలి చెవి మందగించింది. అంతేగా, నేను పక్కన ఉండి పిలుస్తాను అన్నాను. డాక్టరు నా మొహం చూసి, ఇక వాదించి లాభం లేదనుకున్నట్టున్నాడు. నిద్రలో ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకూడదని, ఊపిరి ఆగితే కదపాలని, కదిపితే మెలకువ వచ్చి ఊపిరి అదే నడుస్తుందని, కదపకపోతే ఏదో ఒకసారి అది తిరిగి రాకపోవచ్చని చెప్పి సంతకం పెట్టించుకున్నాడు.

ఆ తర్వాతి రోజులు అలాగే గడిచాయి. ఆయన కుడి పక్కన నేను వెల్లకిలా పడుకునేదాన్ని. ఆయన ఊపిరి ఆగితే నా ఎడమ మోచెయ్యి ఆయన కుడి డొక్కలోకి వెళ్ళేది. మణికట్టు మీద వేలు పెట్టి చూస్తే, ఊపిరి ఆగినప్పుడు నాడి నీరసించేది, మోచెయ్యి తగలగానే పరుగందుకునేది. కొన్నాళ్ళకు ఒక సంగతి గమనించాను. ఆయన ఊపిరి ఆగినప్పుడల్లా నాదీ ఆగుతోంది. ఆయన తీసుకుంటేనే నేను తీసుకుంటున్నాను. నిద్రలో ఉన్నా సరే, మోచెయ్యి దాని పని అది చేసేస్తోంది. డొక్క పుండైందని ఆయన పగలంతా గొణిగేవాడు.

నేను బజారుకు వెళ్తే మా అత్తగారు మంచం పక్కన కూర్చునేది.

ఆ రోజు మా ఆడపడుచు ఇంటి గృహప్రవేశానికి ఇత్తడి బిందె కొనాలి. ఆయన అన్నం తిని నడుం వాల్చాక, అత్తగారిని కూర్చోబెట్టి బయల్దేరాను. దుకాణం మా నాన్నకు తెలిసిన ఒక ముసలి సేఠ్‌ది. ఇంటి నుంచి రెండు సందులు దాటితే వస్తుంది.

సేఠ్ ధర చెప్పాడు. నేను సగం అన్నాను.

"అరే బేటీ, నీ బాపుకే ఈ ధరకి ఇవ్వలేదు నేను."

"మా బాపు ఇంతకన్నా తక్కువకే అడిగి ఉంటాడు, అందుకే ఇవ్వలేదు," అన్నాను.

సేఠ్ నవ్వాడు. నేను తర్వాతి మాట అనబోయాను. ఊపిరి లేదు. గొంతుకు ఏమీ అడ్డం పడలేదు, నొప్పి లేదు, భయం కూడా లేదు. ఊపిరి తీయాలన్న సంగతే ఒంట్లోంచి పోయింది. ప్యాసింజరు బండి అప్పుడే మా పేట పక్కనున్న రైలు పట్టాల మీద వెళ్తోంది. ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను. అంతలో నా ఎడమ మోచెయ్యి నేను చెప్పకుండానే పక్కకు వెళ్ళి, అక్కడ పేర్చి ఉన్న ఇత్తడి గిన్నెల దొంతరకు తగిలింది. దొంతర మొత్తం కింద పడింది. నాకు ఊపిరి వచ్చింది.

"క్యా హువా బేటీ?" అని సేఠ్ లేచాడు. అతను చెప్పిన ధర బల్ల మీద పెట్టి, బిందె చంకన పెట్టుకుని ఇంటికి పరుగెత్తాను.

మా తలుపుకు బయట గొళ్ళెం పెట్టి ఉంది. అత్తగారు వీధి కుళాయి దగ్గర నుంచి బకెట్‌తో వస్తోంది. "నీల్లొచ్చేసినాయని రెండు బకెట్లు పట్టుకుందామని ఎల్లేనే. ఆడు బాగానే తొంగున్నాడు," అంది. ఆమె మొహంలో నెత్తురు లేదు. బండి పోతుండగా లోపలి నుంచి కొడుకు అరుపు వినిపించిందట.

గొళ్ళెం తీశాను. ఆయన మంచం మీద కూర్చుని కుడి డొక్క రుద్దుకుంటున్నాడు. రొప్పుతున్నాడు.

"పొడిత్తే పొడిసేవు గానీ, మరీ ఇంత గట్టిగానా?" అన్నాడు. నా చంకలోని బిందె చూశాడు. "లేసి సూసీసరికి ఎటు పోనావు?"

బిందె కింద పెట్టి, ఆయన దగ్గరకు వెళ్ళాను. చొక్కా పైకెత్తి చూశాను. నా మోచెయ్యి తగిలితే గుండ్రంగా కందేది, అది నాకు బాగా తెలుసు. ఈ దెబ్బ సన్నటి గీతలా, వంపు తిరిగి ఉంది. అప్పుడు నా మోచెయ్యి తిప్పి చూసుకున్నాను. గిన్నె అంచు గీసుకుపోయిన చోట అదే వంపు.

డాక్టరుకు చెప్పాను. ఆ గీత మంచం పట్టీ వల్ల పడి ఉండొచ్చన్నాడు. ఆయనకు ఊపిరి దానంతటదే తిరిగి వచ్చి ఉంటుందన్నాడు. నా ఊపిరి ఆగడం అలవాటు వల్లేనన్నాడు. మూడూ వేరువేరుగా నాకూ సమ్మతమే. మూడూ ఒకే బండి చప్పుడులో ఎలా జరిగాయని అడిగితే, కొన్ని అలా కలుస్తాయన్నాడు. మా మంచం నవారు మంచం. దాని పట్టీలు నాలుగూ తడిమి చూశాను. అంత పదునైన అంచు దేనికీ లేదు.

తర్వాతి వర్షాకాలానికి ఆయన ఊపిరి బాగుపడింది. మళ్ళీ ఉర్లా వెళ్ళాడు. బజారులో నాకు అలా మళ్ళీ జరగలేదు. ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఆయన్ని పొడిచింది ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. ఆయన మాత్రం నేనే అంటాడు. వాదించను.

ఇక మిగిలింది లెక్క. ఆసుపత్రిలో నాలుగు రోజుల మంచం అద్దె మిగిలింది, కొట్టేయించినది ఇంకో రోజుది. ఖర్చులో బిందె ఉంది, సేఠ్ చెప్పిన ధరకే. మర్నాడు వెళ్ళి, పడి సొట్టపోయిన గిన్నెలు కూడా కొన్నాను. సొట్టలకు ఎంత తగ్గిస్తావని అడగలేదు. వద్దులే బేటీ అని సేఠ్ అంటున్నా మొత్తం ఇచ్చాను. ఖర్చంతా కలిపి చూస్తే, ఆసుపత్రిలో మిగిల్చినదాని మీద పన్నెండు రూపాయలు ఎక్కువైంది. నా చేతి నుంచి పడిన నష్టం అది, పన్నెండు రూపాయలు.