అవ్వ చేతికి వడిసెల

కిందపడి కుడి భుజం బిగుసుకుపోయిన తొంభై ఏళ్ల అవ్వ నల్గొండలో మా ఫిజియోథెరపీ గదికి వస్తోంది. కప్పీ తాడు లాగమంటే, "బాయిల నీళ్లు చేదనీకి వచ్చిన్నా?" అని కసురుతుంది.

అలవాటున్న పని చేయిస్తే మనిషి మనసుపెట్టి చేస్తాడని పరిశోధనా పత్రికల్లో చదివాను. జొన్నచేలో పిట్టల్ని కొట్టే వడిసెలతోనే చిన్నప్పుడు రజాకార్ల మీదికి రాళ్లు రువ్వానని అవ్వ రోజూ చెప్పేదే. అందుకే ఈ రోజు ఒక వడిసెల పేని, రాయికి బదులు గుడ్డ ఉండ పెట్టి ఇచ్చాను.

"పేపర్లల్ల సదివినయి ఈడ నడుస్తయా?" అని మా సీనియర్ గుమ్మంలో నిలబడి నవ్వారు.

"జర పక్కకు జరుగు సారూ" అంది అవ్వ.

ఆయన జరగలేదు. ఇన్నాళ్లూ భుజం ఎత్తు దాటని అవ్వ చెయ్యి తల మీదికి లేచి గిర్రున తిరిగింది. ఉండ సూటిగా ఆయన ఛాతీకి తగిలింది. ఆయన వంగి దాన్ని తీసి, అవ్వకే ఇచ్చి, "ఇంకోపారి కొట్టవ్వా" అన్నారు.

కసరత్తు చేయనని మొండికేసే మీ ఇంటి పెద్దల చేతుల్లో ఒకప్పుడు ఏముండేదో, ఎప్పుడైనా అడిగారా?