జిరాక్స్ మెషీన్ మీద పిల్లి

అమీర్‌పేటలో ఎవరు ఏ కోర్సు చెప్పినా దాని మెటీరియల్ చివరికి ఏదో ఒక జిరాక్స్ షాపులో తేలుతుంది. అలాంటి షాపు ఒకటి మా అన్నది. మెట్రో లైను కింది నుంచి గల్లీలోకి తిరిగితే ఒక పాత బిల్డింగు, కింద షట్టరు, లోపల రెండు మెషీన్లు, ఒక స్టూలు. అదే బిల్డింగులో పై అంతస్తులో అన్నా వదినా ఉండేవారు. వాళ్లకు పిల్లలు లేరు. నేను ఆ గల్లీ చివర ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాను. క్లాసుకూ క్లాసుకూ మధ్య ఖాళీ దొరికితే వెళ్లి ఆ స్టూలు మీద కూర్చునేదాన్ని.

షాపులో ఇంకో ప్రాణి ఉండేది, గోధుమరంగు పిల్లి. మెషీను వెచ్చగా ఉంటుందని దాని మూత మీదే పడుకునేది. కాపీ తీయాలంటే మూత ఎత్తాలి, మూత ఎత్తాలంటే పిల్లిని లేపాలి. అన్న పిల్లిని లేపేవాడు కాదు. ఎంత గిరాకీ ఉన్నా అందరినీ రెండో మెషీను దగ్గరికే పంపేవాడు. మధ్యాహ్నం వదిన డబ్బా తీసుకొని కిందికి వచ్చేది. మొదట పిల్లికి ఒక కాగితం మీద ఇంత పెట్టి, తర్వాత అన్న తినేవాడు. అతను తింటున్నంతసేపూ వదిన మెషీను దగ్గర నిలబడేది. అతను చేయి కడుక్కున్నాక ఆమె వంతు. పిల్లి తర్వాత కూడా నీ వంతు రాదా అని నేను వదినను ఏడిపించేదాన్ని. ఆమె నవ్వి ఊరుకునేది.

అన్నకు ఫోనులో వీడియోలు చూసే పిచ్చి. అందులోనూ వేరే లోకాలు, మన లాంటి ఇంకో మనం అంటే ప్రాణం. నాకేమో ఆ వీడియోలంటే ఒళ్లు మంట. ముక్క ఫిజిక్స్‌కు బస్తా మసాలా కలిపి వండుతారు. నేను కూర్చోవడమే ఆలస్యం, మొదలుపెట్టేవాడు.

"చెల్లె, ఒక్కటే కణం రెండు తొవ్వల పోతదంట గదా?"

"పోతదని కాదన్నా. రెండు తొవ్వలు లెక్కల వట్టుకుంటేనే సమాధానం సరిగ్గొస్తది."

"అంటే పోతదన్నట్టే గదా!"

ఇలా ఉండేది వ్యవహారం. ఒకరోజు పెట్టెలో పిల్లి సంగతి చెప్పాను. మూసిన పెట్టెలో ఒక పిల్లి, దాని పక్కన ఒక అణువు. అణువు పగిలితే విషం వెలువడి పిల్లి చస్తుంది, పగలకపోతే బతుకుతుంది. తెరిచి చూసేదాకా అణువు పగిలిందని గానీ పగల్లేదని గానీ చెప్పలేమంటే, అప్పటిదాకా పిల్లి చచ్చినట్టా, బతికినట్టా? ఇది ఎవరూ నిజంగా చేసిన ప్రయోగం కాదని, సిద్ధాంతంలోని చిక్కు చూపడానికి చెప్పిన ఉదాహరణ అని ఎంత చెప్పినా అన్న వినలేదు. మెషీను మీది పిల్లి చెవులు రెండు చేతులతో మూసి నా మీద లేచాడు.

"పిల్లి మీకేం జేసిందే? మీ లెక్క తేలకుంటే దాన్ని పెట్టెల పెడ్తరా?"

పెట్టె తెరిచినప్పుడు లోకమే రెండుగా చీలుతుందని, ఒకదానిలో పిల్లి బతికి, ఇంకోదానిలో చచ్చి ఉంటుందని కొందరంటారని చెప్పాక గానీ శాంతించలేదు. ఆ మాట అతనికి వెంటనే బుర్రకెక్కింది. రోజంతా చేసేది ఒకటి నుంచి ఇంకోటి తీయడమే కదా. కాపీకి తను కాపీనని తెలుస్తుందా అని అడిగాడు. తెలియదన్నాను. అతని దగ్గర ఒక ట్రే నిండా జనం మరిచిపోయిన కాగితాలుండేవి, ఆధార్ కార్డులు, డిగ్రీ సర్టిఫికెట్లు. కాపీ చేతిలో పడగానే అదే చాలన్నట్టు వెళ్లిపోతారు, ఒరిజినల్ మూత కిందే ఉండిపోతుంది. "పోయినోళ్లు కాపీ వట్టుకొని పోయిన్రు, మూత కింద మిగిలింది మనమేమో చెల్లె" అని ఆ ట్రే చూపించి నవ్వాడు. అది తప్పు ఉపమానమని నేను వాదించాను. ఇప్పుడు వాదించను.

పోయిన చలికాలంలో అన్న గుండె నీరసపడింది. పంపింగ్ బాగా తగ్గిందని, ఆపరేషన్ తప్పదని, చేసినా చెప్పలేమని పంజాగుట్ట ఆసుపత్రిలో డాక్టర్లు దాచకుండా చెప్పారు. ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం వదిన మందులు తేవడానికి కిందికి వెళ్లింది. అతని మంచం పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. కిటికీలోంచి ఫ్లైఓవరు మీద ఇరుక్కున్న బండ్లు కనిపిస్తున్నాయి. అన్న వాటినే చూస్తూ అన్నాడు.

"ఒక వీడియోల చెప్పిండు చెల్లె. ఎవని సావు వానికి కనవడదంట. లోకం చీలినప్పుడల్లా మనకు తెలివుండేది బతికున్న దిక్కే గదా, గందుకు. అంటే రేపు నా మట్టుకు నేను లేస్తనే."

అలాంటి మాట ఒకటి ఉంది. నిరూపించడానికి వీల్లేని మాట. తప్పులు దిద్దడం నా వృత్తి కాబట్టి, దానికి రుజువేమీ లేదన్నాను.

"లేకుంటే లేకపాయె. జర మంచిగుంది గదా ఇనేందుకు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నాకేం ఫికర్ లేదు. నేను లేచిన లోకంల నేనుంట. నేను లేవని లోకంల మీ వదిన ఉంటది గదా. గామె సంగతేంది?"

వేరే చోట ఎన్ని లోకాలున్నా, ఇక్కడ మిగిలిన మనిషికి అన్నం ఎవరు పెడతారన్నది అన్న ప్రశ్న. నేనున్నాను కదా అన్నాను. "నువ్వు క్లాసుకు పోతవ్" అని నా చెయ్యి నొక్కాడు. నాకు ఏడుపొచ్చింది. వదిన మందులతో వచ్చేసరికి ముఖం తుడుచుకున్నాను.

అన్న లేవలేదు. మేమున్న ఈ లోకంలో మాత్రం లేవలేదు.

దినాల రోజు మా ఇళ్లలో పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తారు. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో మనసులో ఉండిపోయిందని అర్థం. అది ముట్టాకే ఇంట్లో అందరూ తింటారు. మా వాళ్లు బిల్డింగు పైన విస్తరి పెట్టారు, అన్నం, మటన్ కూర, ఉడికించిన గుడ్డు, ఒక గ్లాసులో చాయ్. మనం చూస్తుంటే కాకి రాదని మా పెద్దబాపు అందరినీ నీళ్ల ట్యాంకు పక్కకు తీసుకుపోయి అటు తిప్పి నిలబెట్టాడు. ఫిజిక్స్‌లో చూడటమంటే కళ్లతో చూడటం కాదు, పరికరం తగిలినా, దారిన పోయే ఒక గాలి రేణువు తగిలినా చూసినట్టే అని పిల్లలకు ఏళ్ల తరబడి చెబుతున్నదాన్ని. ఆరోజు అందరితో పాటు వీపు తిప్పి నిలబడ్డాను.

కాకి రాలేదు. అమీర్‌పేటలో కాకులెక్కడివి? వచ్చినవన్నీ పావురాలే. పావురం ముడితే చెల్లదని పెద్దబాపు చప్పట్లు కొట్టి వాటిని తరిమాడు. ఎండ నెత్తికెక్కింది. వదినకు షుగరు, పొద్దున మాత్ర మింగింది గానీ మెతుకు ముట్టలేదు. చేతులు వణుకుతున్నాయి, పెదవులు పాలిపోయాయి. కొంచెం తినమని బతిమాలాను. "ఆయన ముట్టంది నేనెట్ల తింట?" అంది. నాకు భయమేసింది. పెద్దబాపు గొంతెత్తి ఆకాశంతో బేరం మొదలుపెట్టాడు.

"బిడ్డా, నీ పెండ్లాన్ని మేం జూసుకుంటం. ఫికర్ జెయ్యకు. అచ్చి ముట్టు!"

ఒక్కొక్కరూ ఒక్కో మాట ఇచ్చారు. నా వంతు వచ్చింది. ఫిజిక్స్ టీచరును, ఖాళీ ఆకాశం వైపు చూసి, "అన్నా, వదినను ఒక్కదాన్ని ఇడువ. క్లాసు ఇడిచిపెట్టయినా వస్త" అన్నాను. అంతవరకు ఆపుకున్నదంతా బయటపడి గట్టిగా ఏడ్చాను.

వెనక చిన్న చప్పుడైంది. ఉండబట్టలేక తల తిప్పాను. విస్తరి దగ్గర కాకి లేదు. షాపులోని గోధుమరంగు పిల్లి మెట్లెక్కి వచ్చి, తీరిగ్గా మటన్ ముక్క తింటోంది. నన్ను చూసింది, ఆగలేదు.

"ముట్టింది!" అని అరిచాను.

"కాకేనా?" అన్నాడు పెద్దబాపు, తిరగకుండానే.

"కాకే."

వాళ్లు తిరిగేసరికి పిల్లి లేదు, ముక్కా లేదు. అందరి ముఖాలూ తేటపడ్డాయి. కిందికి దిగి భోజనాల బంతి వేశారు. వదిన పక్కన కూర్చుని మొదటి ముద్ద నేనే కలిపి పెట్టాను. తిన్నది. చెప్పిన అబద్ధానికి నాకు ఇసుమంతైనా బాధ లేదు.

కొన్నాళ్లకు వదిన షట్టరు తెరిచింది. మెషీన్లు నడపడం ఆమెకు ఎప్పటి నుంచో వచ్చు. నేను ఇచ్చిన మాట ప్రకారం మధ్యాహ్నాలు వెళ్లి, ఆమె తినేటప్పుడు గిరాకీ చూస్తున్నాను. మొదటి రోజు ఆమె డబ్బా విప్పి, ఒక కాగితం మీద ఇంత పెట్టి మెషీను పక్కన ఉంచింది. పిల్లి దిగి వచ్చి తినేదాకా చూస్తూ కూర్చుంది.

"ఆ దినం నేను సుత ఎనుకకు జూసిన" అంది, డబ్బాలోంచి తలెత్తకుండా.

"మరెట్ల తిన్నవ్ వదినా?"

"ఏమున్నది? పిల్లి తిన్నంక మీ అన్న తింటుండె. మీ అన్న తిన్నంక నేను తింటుంటి. ఆ దినం సుత గంతే."