తిరుమలగిరి పలికింది

నేను దయ్యాలను నమ్మేవాణ్ణి కాదు. ఇప్పుడైనా నమ్ముతున్నానని ఎవరైనా అంటే ఒప్పుకోను. మా ఇంట్లో అది కుదరదు. మా తాత ఊరికి దొరగా ఉన్న రోజుల్లో మా గడి వెనకాల బావిలోంచి ఏడుపు వినిపిస్తోందని పనివాళ్లు అంటే, ఆయన బావి పక్కనే మంచం వేయించుకుని ఆ ఎండాకాలమంతా అక్కడే పడుకున్నాడు. ఆ తర్వాత గడి పోయింది, బావి పూడిపోయింది, భూములు పోయాయి. ఎట్లా పోయాయన్నది ఇక్కడ అనవసరం. ఆయన మొండితనం మాత్రం నా దాకా వచ్చింది.

అందుకే చదివేవాళ్లు నన్ను భయస్తుడని అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నేను కొత్తకోట నుంచి వ్యవసాయ వార్తలు రాస్తాను. వానలు, విత్తనాలు, ఎరువుల కొరత, పురుగు, ధరలు. చాలా ఏళ్లుగా ఇదే పని. మాలో మేము పేర్లు పెట్టి పిలుచుకోవడం తక్కువ. ఎవరి మండలం పేరే వాళ్ల పేరు. ఫోనెత్తితే "ఏం కొత్తకోటా, వాన పడ్డదా?" అంటారు. మా తాతను కూడా ఊరి పేరుతోనే పిలిచేవారు, ఊరు ఆయనది కాబట్టి. నన్ను మండలం పేరుతో పిలుస్తారు, దాని వార్తలు నేను పంపుతాను కాబట్టి. ఈ తేడా నాకు తెలుసు. ఎవరూ గుర్తు చేయనక్కరలేదు.

ఏటా వానాకాలం మొదట్లో పాలమూరు, నల్గొండ వైపు వ్యవసాయ విలేకరులమంతా ఒకచోట కలుస్తాం. ఒక ఏడు అక్కడ, ఒక ఏడు ఇక్కడ. ఏదో ఒక ఫంక్షన్ హాలు. బయట విత్తన కంపెనీల స్టాళ్లు, లోపల ప్లాస్టిక్ కుర్చీలు, వేదిక మీద అధికారులు, శాస్త్రవేత్తలు. వాళ్లు చెప్పేది ఏటా ఒకటే, మేము రాసుకునేదీ ఒకటే. కంపెనీల వాళ్లు పంచే సంచీ నేను ఎప్పుడూ తీసుకోలేదు. మిగతావాళ్లు తీసుకుంటారు. వాళ్లను తప్పు పట్టను.

నిజానికి నేను పోయేది హాజరు కోసం. ఉపన్యాసాలకు ముందు ఒకరు నిలబడి మండలాల పేర్లు పిలుస్తారు. పిలిచిన మండలం విలేకరి లేచి, తన దగ్గర వాన ఎట్లా ఉందో ఒక్క మాటలో చెప్పి కూర్చుంటాడు. విత్తనం పెట్టడానికి చాలినంత తడి నేలకు పడితే "పదునైంది" అంటాడు. లేకపోతే "కాలే" అంటాడు. మొత్తం హాజరు అయ్యేసరికి రెండు జిల్లాల నేల ఎట్లా ఉందో హాల్లో అందరికీ తెలిసిపోతుంది. ఏ శాస్త్రవేత్త ఉపన్యాసమూ నాకు అంత తృప్తి ఇవ్వలేదు.

ఆ పిలిచేది నేను. కాగితం చూడకుండా పిలుస్తాను. పోచంపల్లిలో మొదలుపెట్టి, బస్సులో పోతున్నట్టుగా ఒక్కో మండలం దాటుకుంటూ వచ్చి కొత్తకోటలో ఆపుతాను. చివర "కొత్తకోట" అని పిలిచి, నేనే జవాబు చెప్పుకుంటాను. అందరూ నవ్వుతారు. ఆ నవ్వు కూడా ఆనవాయితీలో భాగమైపోయింది.

మైకు లేకుండా నా గొంతు హాలు చివరిదాకా పోతుంది. అది మా తాత గొంతు. ఆయన పొద్దున్నే వాకిట్లో నిలబడి జీతగాళ్ల పేర్లు పిలిచేవాడట. ఈ సంగతి తెలిసినవాళ్లు నన్ను వదలరు. "దొరా, మమ్ముల గూడ గడిల జీతగాళ్ల లెక్కనే పిలుస్తున్నవు" అంటారు. ఒకసారి తిరుమలగిరి విలేకరి యాదగిరి నా పక్షాన మాట్లాడాడు. "మా తాతలు ఏ దొరకో భయానికి పలికిండ్రు. మేం గీయినకు అలవాటుకు పలుకుతున్నం. మంచిదే గదనే, జమానా మారింది" అన్నాడు. అది నా పక్షమో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు.

యాదగిరి సంగతి కొంచెం చెప్పాలి. లేచి మాట్లాడే ముందు తప్పనిసరిగా దగ్గేవాడు. జలుబు దగ్గు కాదు, గొంతు సర్దుకునే దగ్గు. ఆ తర్వాత అందరిలా "పదునైంది" అని ఊరుకునేవాడు కాదు. ఎర్రనేల సంగతి వేరు, నల్లనేల సంగతి వేరు అని రెండుగా చెప్పేవాడు. చెలకకు చిన్న వాన చాలు, రేగడికి చాలదు కదా అని వాదన. అతనికి రెండు రకాల నేలా ఉంది. మాకు విసుగొచ్చేది. "ఒక్క మాటల చెప్పవయ్యా" అని వెనకనుంచి అరిచేవారు. మానేవాడు కాదు.

రాష్ట్రం వచ్చాక కొత్త జిల్లాలు వచ్చాయి, కొత్త మండలాలు వచ్చాయి. నా హాజరు అక్కడే దెబ్బతింది. దారి పొడుగునా మనసులో వరుసగా పేర్చుకున్న పేర్ల మధ్య కొత్త పేర్లు వచ్చి కూర్చున్నాయి. అన్నిటికంటే పెద్ద తిప్పలు తిరుమలగిరితో. యాదగిరి తిరుమలగిరి ఒకటి ముందే ఉంది. సాగర్ వైపు ఇంకో తిరుమలగిరి మండలమైంది. అందుకని దాన్ని "సాగర్ తిరుమలగిరి" అనీ, దీన్ని ఉత్త "తిరుమలగిరి" అనీ పిలిచేవాణ్ణి.

ఒక ఏడు సాగర్ తిరుమలగిరిని పిలవడం మర్చిపోయాను. ఆ విలేకరి అంత దూరం నుంచి వచ్చి, లేవకుండానే వెళ్లిపోయాడు. దాంతో గుసగుసలు మొదలయ్యాయి. దేవరకొండ విలేకరి నరేష్, చిన్నవాడు, చురుకైనవాడు, మొహం మీదే అన్నాడు: "సార్, ఫోన్ల జూసి సదివితె ఐపాయె గదా. యాది పెట్టుకునుడెందుకు, మరిసిపోవుడెందుకు?"

నేను అందరి ముందూ ఒక మాట అన్నాను. వచ్చే ఏడు ఒక్క పేరు తప్పినా నేనే తప్పుకుంటాను, ఎవరూ అడగనక్కరలేదు అని. నాకు ఇంకేమీ మిగల్లేదు. ఆ పిలుపు ఒక్కటే మిగిలింది. అయినా అన్నాను.

ఆ చలికాలం యాదగిరి గుండెపోటుతో పోయాడు.

చనిపోయినవాళ్ల మండలాన్ని ఆ ఏడు హాజరులో పిలవం. ఆ పేరు వదిలేసి, చివర అందరం లేచి నిలబడతాం. మరుసటి ఏడు కొత్త విలేకరి పలుకుతాడు. ఇది మా పద్ధతి.

ఆ ఏడు సభ నల్గొండలో. యాదగిరి భార్య సుగుణమ్మను శాలువా కప్పడానికి పిలిపించారు. ఆమె ఆడవాళ్ల వరసలో గోడ పక్కన కూర్చుంది. ఉక్కగా ఉంది. ఆకాశంలో మబ్బు లేదు. హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గాని గాలి రావడం లేదు. నేను రాత్రి సరిగా నిద్రపోలేదు, పేర్లు వల్లె వేసుకుంటూ పడుకున్నాను. ఇది కూడా చెప్పాలి. అలసిపోయి ఉన్నాను.

పోచంపల్లి పలికింది. ఒక్కో పేరూ సాఫీగా వస్తోంది. తిరుమలగిరి రావలసిన చోట జాగ్రత్తగా వదిలేసి ముందుకు పోయాను. గండం గడిచిందనుకున్నాను. సాగర్ వైపు వచ్చేసరికి "సాగర్" అన్న మాట నోట్లోంచి రాలేదు.

"తిరుమలగిరి" అన్నాను.

అన్న క్షణమే తెలిసింది. హాల్లో తలలన్నీ నా వైపు తిరిగాయి. సర్దుకుని సాగర్ అందామని నోరు తెరిచాను.

దగ్గు వినిపించింది.

మధ్య వరసల్లోంచి. తర్వాత మాట. "చెలక పదునైంది. రేగడి కాలే."

గొంతులో తేడా లేదు. తొందర లేదు. ప్రతి ఏడూ ఎట్లా చెబుతాడో అట్లాగే. నాకు భయం కూడా వేయలేదు. చేతులకు అలవాటైన పని చేసినట్టు "మంచిది" అన్నాను. ఎవరు పలికినా నేను అనే మాట అది. తర్వాతి మండలాన్ని పిలిచాను. కొత్తకోట దాకా పోయి, నా జవాబు నేను చెప్పి, కూర్చున్నాను. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

చుట్టూ చూస్తే కొందరు కళ్లు తుడుచుకుంటున్నారు. నరేష్ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "సార్, మంచిగ జేసిండ్రు. యాదన్న పేరు పిలిసి జరసేపు ఆగిండ్రు సూడుండ్రి, నాకు ఏడుపొచ్చింది" అన్నాడు. నేను కావాలనే పిలిచాననీ, అది నివాళి అనీ అందరూ అనుకున్నారు. ఎవరికీ ఏమీ వినిపించలేదు.

ఊరుకుంటే సరిపోయేది. పరువు దక్కేది. అంతలో సాగర్ తిరుమలగిరి విలేకరి ఉప్మా ప్లేటు పట్టుకుని బయటినుంచి వచ్చాడు. "సారూ, నన్ను గీ యేడు గూడ మరిసిండ్రా?" అన్నాడు. పిలిచినప్పుడు అతను హాల్లో లేడు. టిఫిన్ దగ్గర ఉన్నానని అతనే చెప్పాడు, పక్కన ఉన్నవాళ్లూ చెప్పారు. నేను లేచి నిలబడి, అది నివాళి కాదు, పేరు తప్పిపోయింది, అన్న మాట ప్రకారం తప్పుకుంటున్నాను అని చెప్పేశాను. గొంతు విన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

భోజనాల దగ్గర సుగుణమ్మ నా దగ్గరికి వచ్చింది. శాలువా మడిచి చంకలో పెట్టుకుంది.

"సారూ, ఏం జెప్పిండు?" అంది.

ఎవరమ్మా అన్నాను.

"మీరు పిలువంగనె దగ్గిండు గద. దగ్గు ఇనొచ్చింది. మాట ఇనరాలె. నేను గోడకున్న. మీరు ముంగట్నే ఉంటిరి."

నేను విన్నది విన్నట్టు చెప్పాను. చెలక పదునైంది, రేగడి కాలే అని. ఆమె ఫోను తీసి ఊళ్లో మరిదికి కలిపింది. నా పక్కనే నిలబడి మాట్లాడింది కాబట్టి నాకూ అన్నీ వినిపించాయి. పొద్దున ఆమె బస్సెక్కాక ఊరి మీద చిన్న వాన పడి వెలిసిందట. చెలకలో విత్తనం పెట్టొచ్చట. రేగడి తడవనట్టే ఉందట. ఆమె బయల్దేరేటప్పుడు మబ్బు కూడా లేదు. హాల్లో ఉన్న ఎవరికీ ఆ వాన సంగతి తెలిసే దారి లేదు. నాకు అసలే లేదు.

ఫోను పెట్టేసి ఆమె అడిగింది ఒక్కటే. "ఇత్తనం పెట్టుమన్నడా?"

అనలేదమ్మా అన్నాను. ఇంకేమైనా అన్నాడా అంది. లేదన్నాను. "గంతే. ఇంట్ల గూడ గంతే చెప్పెటోడు" అని తన విస్తరాకు తీసి పారేయడానికి పోయింది.

నరేష్ హాజరు మొత్తాన్ని ఫోన్లో వీడియో తీశాడు. తెప్పించుకుని చూశాను. నేను తిరుమలగిరి అంటాను. ఫ్యాన్ల చప్పుడు. నేను నేరుగా మధ్య వరసల వైపు చూస్తుంటాను. తర్వాత మంచిది అంటాను. ఆ నడుమ ఏమీ లేదు. చెవికి ఆనించి విన్నాను. ఏమీ లేదు.

నిద్ర లేకపోవడం, భయం, ఏళ్ల తరబడి విన్న గొంతు మనసులో మిగిలిపోవడం, ఇవన్నీ నేనే నాకు చెప్పుకున్నాను. ఆ రోజుల్లో చెలక పదునై రేగడి కాకపోవడం ఏ మండలంలోనైనా జరిగేదే. యాదగిరి ఏటా దాదాపు ఆ మాటే చెప్పేవాడు కూడా. అట్లా చూస్తే నాకు వినిపించినదానికి ఒక జవాబు దొరుకుతుంది. మరి గోడ పక్కన కూర్చున్న ఆమెకు దగ్గు ఎట్లా వినిపించింది? ఆ మాట నేను చెప్పలేదు. ఆమె వచ్చి నాకు చెప్పింది.

మరుసటి ఏడు సభ పాలమూరులో. నరేష్ ఫోనులో చూసి పిలిచాడు. ఒక్క పేరూ తప్పలేదు. రెండు తిరుమలగిరులూ పలికాయి. కొత్త విలేకరి ఒక్క మాటలో "పదునైంది" అని కూర్చున్నాడు. నన్ను పిలిచినప్పుడు లేచి చెప్పాను. నవ్వడానికి ఏమీ లేదు.

బయటికి వస్తే సుగుణమ్మ కనిపించింది. ఈసారి ఆమెను ఎవరూ పిలవలేదు. బస్సులు మారి వచ్చింది. హాజరంతా తలుపు దగ్గర నిలబడి విన్నదట.

"గా పిలగాడు పిలుస్తె గాదు సారూ. ఒక్కపాలి మీరు పిలువుండ్రి" అంది.

అమ్మా, అది అట్లా పిలిస్తే పలికేది కాదు అన్నాను. ఆమె వాదించలేదు, కదలనూ లేదు. ఎండలో కొంగు తల మీద కప్పుకుని నిలబడింది. చివరికి హాలు వెనక్కి తీసుకుపోయాను. అక్కడ వంటవాళ్లు గిన్నెలు తోముతున్నారు. నేను నిటారుగా నిలబడి పిలిచాను.

"తిరుమలగిరి."

ఆమె తల కొంచెం పక్కకు వంచి చాలాసేపు విన్నది. ఒక వంటావిడ తోమడం ఆపి మా వైపు చూసింది. మళ్లీ తోమడం మొదలుపెట్టింది. ఇంకేమీ వినిపించలేదు.

"హాల్ల పిలిసినట్టు పిలువలె మీరు. గొంతు దించిండ్రు" అని, ఆమె బస్టాండు వైపు నడిచింది.

ఆ రోజు నల్గొండలో నేను విన్నది ఏమిటో ఈనాటికీ నాకు తెలియదు. ఆలోచించి ఆలోచించి విసిగిపోయాను. ఆమె అన్నది మాత్రం నిజం. వంటవాళ్లు చూస్తున్నారని గొంతు దించాను.