ఒకే బేసిన్‌లో ఆరు బోల్టులు

పంతొమ్మిదేళ్ల వయసులో మనిషికి ఉండే ధైర్యంలో సగం, తనకు తెలియనిది ఎంత ఉందో తెలియకపోవడం వల్ల వచ్చేదే. నా విషయంలో సగం కాదు, మొత్తం అదే. ఆ రోజుల్లో నేను దేనికీ భయపడేదాన్ని కాదంటే మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ నమ్మరు, ఎందుకంటే ఇప్పుడు నేను పాలసీసా మూతకు కూడా భయపడతాను. మా పాపకు పది నెలలు. మొన్న దాని సీసా మూత పగిలితే మా ఆయన వేరే కంపెనీ మూత తెచ్చి బిగించి, పట్టింది చూడు అన్నారు. పట్టడం వేరు, కుదరడం వేరు అని పావుగంట చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, ఇంత చిన్న మూతకు ఇంత పెద్ద ప్రసంగం ఎక్కడ నేర్చుకున్నావని అడిగారు. తిరుమలగిరిలో నేర్చుకున్నాను. పాప పడుకుంది, నాకు ఎలాగూ నిద్ర పట్టదు (పట్టినా, పాప ఊపిరి వినిపించడం లేదేమోనని మెలకువ వస్తుంది) కాబట్టి ఆ సంగతి రాస్తున్నాను.

డిగ్రీ రెండో ఏడాదిలో నేను కాలేజీ కేడెట్‌ని. ఆదివారం పొద్దున్నే ఖాకీ బట్టలు వేసుకుని, బోయిన్‌పల్లిలో బస్సెక్కి, తిరుమలగిరి దగ్గరున్న మా యూనిట్‌కు పరేడ్ కోసం వెళ్లేదాన్ని. ఆదివారం పరేడ్ అంటే చర్చి ఎగ్గొట్టడమే కనుక మా అమ్మకు ఖాకీ బట్టల మీద ఏమాత్రం సదభిప్రాయం లేదు. మాకు డ్రిల్లు నేర్పే హవల్దారును అందరం ఉస్తాద్ అనేవాళ్లం. తెలంగాణ మనిషి, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన కర్రలా ఉండేవారు. ఆయుధాలు దాచే గదిని వాళ్ల భాషలో కోత్ అంటారు, ఆ గది తాళాలు ఆయన నడుముకే ఉండేవి. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతారు. ఆయనకు జీవితంలో ఒకటే గర్వం. తప్పు చేసి శిక్ష పడితే సిపాయి సర్వీసు పుస్తకంలో దాన్ని ఎర్ర సిరాతో రాస్తారట. "ఇరవై నాలుగేండ్లు బిడ్డా, ఒక్క ఎర్ర చుక్క సుత లేదు" అని, మాకు రైఫిల్ భుజానికి ఎత్తడం నేర్పుతూ నేర్పుతూ మధ్యలో చెప్పేవారు. అడగకపోయినా చెప్పేవారు. ఆ పుస్తకం అలాగే తెల్లగా పట్టుకుని ఊరికి పోవాలన్నది ఆయన కోరిక.

మా యూనిట్‌లో కాల్చడానికి పనికొచ్చే రైఫిళ్లు ఆరే ఉండేవి. పాత త్రీ నాట్ త్రీలు. మా తాతయ్య కంటే పెద్దవి, ఆయనలాగే బరువు, ఆయనలాగే నూనె వాసన. ప్రతి రైఫిల్‌కూ వెనక బోల్టు ఉంటుంది, పిడి పట్టుకుని లాగి, తోసి, కిందికి వంచి మూసే ఇనప కడ్డీ. తూటా వెనక వేసే తలుపు అనుకోండి. ఆ సోమవారం మాకు ఫైరింగ్. ఒక్కొక్కరికి ఐదేసి తూటాలు ఇస్తామన్నారు. రెండేళ్లుగా ఖాళీ రైఫిల్ మోసి భుజం కాయలు కాసినవాళ్లం, ఐదు తూటాలంటే మాకు ఐదు పండగలు. నేను అప్పటికే మా వీధిలో సగం మందికి చెప్పేశాను.

ముందు రోజు ఆదివారం ఆరింటినీ శుభ్రం చేసే పని నాకూ, నా స్నేహితురాలు చమక్‌కూ పడింది. (అసలు పేరు వేరు. దేన్నయినా తళతళలాడించందే నిద్రపోదు కాబట్టి ఆ పేరు. వాళ్ల నాన్నకు మోండా మార్కెట్ దగ్గర ఇనప సామాన్ల కొట్టు.) ఒక్క రైఫిల్ తీయాలె, బోల్టు తీసి తుడవాలె, అదే బోల్టు దాంట్లనే పెట్టాలె, అప్పుడే ఇంకో రైఫిల్ ముట్టాలె అని ఉస్తాద్ రెండుసార్లు చెప్పారు. ఇంతలో రేపటి ఫైరింగ్ కాగితాల కోసం ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. గుమ్మంలో కాపలా సిపాయిని ఉంచి, ఆయన వెళ్లారు.

ఒక్కొక్కటిగా చేస్తే సాయంత్రం అవుతుందని నాకు తోచింది. నాకు తోచడమే ఈ కథలో పెద్ద ప్రమాదం. క్రిస్మస్‌కు ముందు మా ఇంట్లో డబ్బాలు కడిగే పద్ధతి ఒకటి ఉంది: డబ్బాలన్నీ ఒక టబ్బులో, మూతలన్నీ ఇంకో టబ్బులో వేసి, కడిగాక ఏ మూత ఏ డబ్బాదో చూసి పెట్టడం. ఆ జత కలిపే పనిలో ఇంట్లో నాకు మంచి పేరుంది. (స్టీలు డబ్బాల మీదా, మూతల మీదా మా అమ్మమ్మ తన పేరూ, అంకెలూ చెక్కించింది కాబట్టి అందులో నా తెలివేమీ లేదని అప్పుడు తట్టలేదు.) ఆరు బోల్టులూ లాగి, కిరోసిన్ పోసిన ఒకే బేసిన్‌లో వేశాను. చమక్ కాస్త అనుమానంగా చూసి, "ఏందే, గిట్ల అన్నీ ఒక్కదాంట్ల ఏస్తున్నవ్" అంది. ఈ పని నాకు వచ్చులే అన్నాను.

చమక్ తన వంతు తాను చేసింది. మూడు బోల్టుల పిడుల మీద నల్లగా, గరుకుగా ఏదో పట్టి ఉంది. అది తుప్పు అనుకుని, సంచిలోంచి వాళ్ల కొట్టు ఎమెరీ కాగితం తీసి, అరగంటసేపు పట్టుదలగా రుద్దింది. మూడూ పెళ్లిలో వెండి గ్లాసుల్లా తయారయ్యాయి. నాలుగోది తీయబోతూ ఆగి, దీని మీద ఏవో అంకెలున్నాయే అంది. చూశాను. రైఫిల్ మీద ఏ నంబరు ఉందో, దాని బోల్టు పిడి మీదా అదే నంబరు కొట్టి ఉంది. మెరిసే మూడింటి మీద ఏమీ లేదు. ముందే అరిగిపోయి ఉన్న అంకెల్లో మిగిలిన కాస్తా, చమక్ ఒడిలో నల్లటి పొడిగా రాలి ఉంది.

నంబరున్న మూడు బోల్టుల్ని వాటి రైఫిళ్లలో పెట్టేశాం. మిగిలినవి మూడు రైఫిళ్లు, మూడు బోల్టులు. అప్పుడు నేను ఏడవలేదు, అంతకంటే పనికిమాలిన పని చేశాను. నోట్‌బుక్ తీసి పట్టిక గీశాను. నాది బీఎస్సీ లెక్కలు. మూడింటిని ఆరు రకాలుగా జత కలపవచ్చు, ఆరూ ప్రయత్నిస్తే ఏది ఎవరిదో తేలిపోతుందన్నాను. తేలలేదు. ఏ బోల్టయినా ఏ రైఫిల్‌లోకైనా దూరుతోంది. ఒక రైఫిల్ మాత్రం రెండింటితో మూసుకోకుండా మొరాయించి, మూడోదాన్ని ఒప్పుకుంది. దాన్ని దానికి రాసి, మిగిలిన రెంటిలో నున్నగా మూసుకున్న జతను ఎంచుకుని, పట్టిక కింద రెండు గీతలు గీసేసరికి గుమ్మంలో ఉస్తాద్ ఉన్నారు.

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. మెరిసే పిడి ఒకటి చేతిలోకి తీసుకుని, బొటనవేలితో తడిమి, తూటాల ఖాళీ పెట్టె మీద కూర్చున్నారు. నేను పట్టిక చూపించి, ఆరు రకాలనీ, ఒకటి మొరాయించిందనీ, మిగతావి ఎలా తేల్చానో వివరించాను. చివరిదాకా విన్నారు.

"లెక్క మంచిగున్నదమ్మా" అన్నారు. "గానీ మూసుకున్నదంటే కుదిరినట్టు గాదు."

భార్యాభర్తల్లాగ కాస్త అటూ ఇటూ సర్దుకుపోతాయేమో ఉస్తాద్ అని చమక్ అంది. భయంలో ఎవరి నోట ఏం వస్తుందో చెప్పలేం.

"పెండ్లయితే సర్దుకపోతరు బిడ్డా. ఇది సర్దుకపోదు." ఆయన బోల్టు కొనకు ఇరువైపులా ఉన్న కొమ్ముల్లాంటి వాటిని చూపించారు. "తూటా పేలితే ముందుకు ఎంత దెబ్బనో ఎనకకు గంతే దెబ్బ. గీ రెండు కొమ్ములు సమంగ ఆనుకొని మొయ్యాలె. వేరేదాంట్ల పెడ్తే ఒక్కటే మోస్తది. ఒక్కటే మోస్తె ఏదో ఒక రోజు ఇరుగుతది. ఇరిగితే ఎటు వస్తది?"

ఆయన వేలు ఎత్తి తన కుడి కంటి కింద పెట్టుకున్నారు. రైఫిల్ పేల్చేటప్పుడు చెంప ఆనించేది అక్కడే.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. రేపు ఫైరింగ్ ఉంది, నేను వీధంతా చెప్పుకున్నాను, మూడు రైఫిళ్లూ మూసుకుని బుద్ధిగా ఉన్నాయి. అందులోనూ ఈ విషయం పైకి పోతే ఆయన పుస్తకంలో ఏం పడుతుందో నాకు తెలుసు. అన్నీ కలిసి నా నోటి వెంట ఒకే మాటగా వచ్చాయి: "మనం ముగ్గురం చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది ఉస్తాద్?" పైగా మొదటి తూటా నేనే కాలుస్తానని కూడా అన్నాను, అదేదో త్యాగమైనట్టు. ఆయన నా వైపు తిరిగారు. కోపంగా కాదు, తప్పిపోయిన పిల్లను చూసినట్టు చూశారు. తర్వాత లేచి, మూడు రైఫిళ్లకూ సుతిలి తాడుతో అట్టముక్కలు కట్టి, కాల్చరాదు అని రాసి, ఆఫీసు వైపు నడిచారు.

సోమవారం ఫైరింగ్ రద్దయింది. మూడింటి మీద అనుమానం ఉంటే ఆరింటినీ పరీక్షించాల్సిందేనన్నారు. వేరే కాలేజీల అమ్మాయిలు రెండు బస్సుల్లో వచ్చి, సంగతి తెలుసుకుని, మా ఇద్దర్నీ ఒకసారి చూసి, అవే బస్సుల్లో వెళ్లిపోయారు. ఆ చూపుల ముందు తూటాలు ఎంత. తర్వాత మమ్మల్ని ఆఫీసరు ముందు నిలబెట్టారు. నేను రాత్రంతా కూర్చుని ఒక ఉపన్యాసం బట్టీ పట్టాను. తప్పు పూర్తిగా నాదే, ఉస్తాద్ రెండుసార్లు చెప్పారు, శిక్ష నాకే వేయండి అని. ఆఫీసరు గారు శుభ్రం చేసేటప్పుడు బాధ్యత ఎవరిదని అడిగారు. నేను నోరు తెరిచాను. నా వైపు చూడకుండానే ఉస్తాద్ మెల్లగా "సావధాన్" అన్నారు. రెండేళ్ల అలవాటు. మడమలు వాటంతటవే కలిశాయి, గడ్డం లేచింది, చూపు గోడకు అతుక్కుంది, నోరు మూసుకుపోయింది. సావధాన్‌లో ఉన్న మనిషి మాట్లాడకూడదు. ఆ రెండు నిమిషాల్లో ఆయన "నాదే సాబ్" అనడం, ఆఫీసరు గారు తల ఊపి రాసుకోవడం, అంతా నా ఎదురుగానే జరిగిపోయింది. బయటికి వచ్చాక విశ్రామ్ అన్నారు. అప్పటికి ఉపన్యాసంతో పని లేదు, ఆయన పుస్తకంలో ఎర్ర సిరా ఖాయమైపోయింది.

వారం తర్వాత తుపాకులు బాగుచేసే మేస్త్రి కొలిచే పనిముట్లతో వచ్చి ఆరింటినీ విప్పాడు. మేం రుద్దిన మూడింటిలో ఒకదాని కొమ్ము మొదట్లో వెంట్రుకంత పగులు దొరికింది. పగులు లోపలంతా పాత నూనె నల్లగా పట్టి ఉంది, అంటే ఏళ్ల నాటిది. మేం ఏదీ కలపకుండా, ఏదీ రుద్దకుండా బుద్ధిగా శుభ్రం చేసి ఉంటే, సోమవారం అది ఎవరో ఒక అమ్మాయి చెంప పక్కన ఉండేది. ఎవరి చెంపో తెలియదు, దాని నంబరు చమక్ ఒడిలో పోయింది కదా. ఈ మాట వినగానే నేను పరుగెత్తుకెళ్లి, మా తప్పు వల్ల మేలే జరిగింది కాబట్టి ఆ ఎర్ర సిరా వెనక్కి తీసుకుంటారా అని అడిగాను. ఉస్తాద్ లేదన్నారు. పగులు ఒక కాగితమట, పొరపాటు ఇంకో కాగితమట. రెండూ ఒకదాన్నొకటి చూసుకోవట. "గట్లని నువ్వు మంచి పని చేసిన అనుకోకు బిడ్డా. తప్పు తప్పే" అని ముగించారు. ఆ ఒక్క ఊరట కూడా పోయింది.

ఆయన వెళ్లే రోజున కేడెట్లం అందరం కలిసి కాగితపు కప్పుల్లో టీ, ఉస్మానియా బిస్కెట్లు పెట్టాం. నేను ఒక మూల నిలబడి ఉన్నాను. అంత తెల్లటి పుస్తకం నా వల్ల పాడైందని ఎలాగో పైకి అనేశాను. ఆయన బిస్కెట్టు టీలో ముంచి, అది విరిగి కప్పులో పడేదాకా ఆలోచించారు.

"ఇరవై నాలుగేండ్లు ఆ పేజీ ఖాళీగనే ఉండె" అన్నారు. "సూసినోడు వీడు పని చేసిండా, పండుకున్నడా అనుకుంటడు. ఇప్పుడు జెర రాసి ఉన్నది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఇంటికి వచ్చేదాకా ఏడుపు ఆపుకున్నాను. ఆయనను మళ్లీ చూడలేదు. మా బ్యాచ్‌కు మళ్లీ ఫైరింగ్ పడలేదు. ఈ రోజుదాకా నేను ఒక్క తూటా కాల్చి ఎరగను.

మా పాప పుట్టిన రోజు నర్సు దాన్ని గుడ్డలో చుట్టి తెచ్చింది. పాప కాలికి ఒక పట్టీ, నా మణికట్టుకు ఒక పట్టీ, రెంటి మీదా ఒకే నంబరు. చదివాను. తడి చేత్తో తుడిస్తే పోతుందేమోనని మెల్లగా రుద్ది చూశాను, పోలేదు. మళ్లీ చదివాను. నర్సుకు విసుగొచ్చి, "ఎన్నిసార్లు చూస్తవమ్మా, నీ బిడ్డనే. ముక్కు చూస్తె తెలుస్తలేదా" అంది. ముక్కు చూసి సరిపోయిందనుకోవడంలో ఎంత ప్రమాదం ఉందో ఆమెకు ఎవరు చెప్తారు. పాప మాత్రం ఏ నంబరూ చదవకుండానే నా మెడ వంపులో తల పెట్టి, అక్కడికోసమే చేసినట్టు ఒదిగిపోయింది. చేతులు మోచేతులదాకా కిరోసిన్‌లో ముంచి, ఈ పని నాకు వచ్చులే అన్న ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల నాకు అప్పుడు గుర్తొచ్చింది. దాని మీద కోపం రావాలి. రాలేదు. అంత పెద్ద తప్పు చేయడానికి కావలసినంత నమ్మకం ఒకప్పుడు నాలో ఉండేదంటే, ఎందుకో కాస్త గర్వంగానే అనిపించింది.