ఏడు నిమిషాలు వెనక్కి

కంప్యూటరు తన లోపల జరిగే ప్రతి మార్పునూ రాసిపెట్టుకుంటుంది. ఆ రోజు జరిగినదాన్ని మాత్రం రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను. దెయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. చదివింది పదో తరగతే అయినా, హిందూపురం గ్రంథాలయంలో కంప్యూటరు పుస్తకాల బీరువా మొత్తం చదివినవాణ్ని.

ఇక్కడే ఒక బట్టలు కుట్టే కంపెనీలో కంప్యూటర్లు చూసుకుంటాను. ధర్మవరం, పెనుకొండ ఆడవాళ్లు కంపెనీ బస్సులో వస్తారు. ఎనిమిదిన్నరలోపు గేటు దగ్గర హాజరు పడాలి. నెలలో మూడు లేట్లు పడితే పని పోతుంది.

ఇదివరకు గేటు దగ్గర గోడ గడియారం ఉండేది. బస్సు రాకపోతే వాచ్‌మన్ రంగప్ప స్టూలెక్కి ముల్లును ఏడు నిమిషాలు వెనక్కి తిప్పేవాడు. వచ్చాక మళ్లీ ముందుకు. ఈ సంగతి మేనేజరుకు తప్ప అందరికీ తెలుసు. పోయినేడు రంగప్ప చనిపోయాడు. గడియారం పోయి వేలిముద్రల మిషను వచ్చింది.

దానికి టైము ఇచ్చేది మా సర్వర్‌లోని వర్చువల్ మెషీన్. అంటే పెద్ద కంప్యూటరులో బాడుగకున్న కంప్యూటరు. సొంత గడియారం లేదు. ఇంటాయన వినిపించే టిక్కులు లెక్కపెట్టుకుంటుంది. ఇంటాయన పనిలో పడితే కొన్ని టిక్కులు తప్పిపోతాయి, టైము వెనకబడుతుంది.

మాది అలా వెనకబడుతోందని మేనేజరు పట్టుకున్నాడు. వెతికితే, టైమును అటు పెద్ద కంప్యూటరూ ఇటు ఇంటర్నెట్టూ సరిచేస్తున్నాయి. ఒకటి ముందుకు లాగితే ఇంకొకటి వెనక్కి. ఇంటర్నెట్టును ఉంచి రెండోదాన్ని ఆపేశాను. రెండు రోజులు సెకను తేడా లేదు. కాలరెగరేసుకుని తిరిగాను.

పెనుకొండ నుంచి వచ్చే టైలరు రమీజక్క నన్ను ఆపింది.

"ఏమప్పా, గడియారం బాగు చేసినావంట?"

"చేసినా అక్కా. సెకను కూడా తప్పదు."

"నీ సెకన్లకు నిప్పుబెట్ట! నాకు రెండు లేట్లు పడుండాయి. రంగప్ప తాత ఉన్నింటే నిన్ను స్టూలు మీంచి తోసుంటాడు."

మరుసటి రోజే ఎర్రమంచి దగ్గర బస్సు టైరు పంక్చరైంది. సరిగ్గా ఎనిమిదిన్నరకు సర్వర్ ముందున్నాను. తెర మీదా, నా ఫోన్లోనూ ఒకే టైము. దిగులుగా గేటు దగ్గరికి వెళ్లాను.

బస్సు వచ్చింది. ఫోన్లో ఎనిమిదీ ముప్పై నాలుగు. రమీజక్క నా వైపు చూడకుండా వేలు పెట్టింది. మిషను ఎనిమిదీ ఇరవై ఏడు చూపించింది. వెనక పద్నాలుగు మందీ ఎనిమిదిన్నరలోపే పడ్డారు. బస్సు నిలిపి ఆఖరున వచ్చిన డ్రైవరుకు మాత్రం ఫోన్లో ఉన్న టైమే, ఎనిమిదీ ముప్పై తొమ్మిది.

"బాగానే చేసినావు పోప్పా!" అని రమీజక్క, గోడకు మిగిలిన పాత గడియారం మేకు వైపు చూసి నవ్వింది.

టైము మార్చినట్టు సర్వర్ రికార్డులో ఒక్క అక్షరం లేదు. పెద్ద కంప్యూటరును కావాలనే ఊపిరాడనంత పనిలో పెట్టి చూశాను. సెకన్లలో వెనకబడింది గానీ నిమిషాల్లో కాదు. కారణం ఈనాటికీ తెలియదు.

గడువు దాటినా పుస్తకాలు ఉంచుకోనిచ్చిన గ్రంథాలయం సుజాత గారికి, ఆ రోజు బస్సు టైములు గుర్తుపెట్టుకుని చెప్పిన డ్రైవరు ఓబులేసుకు, తిట్టిన రమీజక్కకు కృతజ్ఞతలు. రంగప్ప తాతకు కూడా. రిపోర్టులో 'గడియారం సరిగా ఉంది' అని రాశాను. మేనేజరు ఎన్నిసార్లు అడిగినా ఆ మాట మీదే ఉంటాను.